పొల్లులో గింజ

రామచంద్రపురం దగ్గర కూలికి పోయే ఏసమ్మ, సమాధుల తోటకు దారి కోసం హైకోర్టు దాకా వెళ్లి ఓడిపోయింది. ఆ దారికి ఓ రైతు కంచె వేశాక, ఆమె భర్త శవపేటికను నడుములోతు కాలువలో మోసుకెళ్లారు.

“ఏ కేసు వినాలో ఎంచుకునే అధికారం సుప్రీంకోర్టుకి రాజ్యాంగమే ఇచ్చిందమ్మా. చాలావాటిని మొదటి రోజే కొట్టేస్తారు,” అన్నారు రాజమండ్రి లాయరు గారు.

ఏసమ్మకు ఒళ్లు మండింది.

“కళ్లంలో రైతు పొల్లని వదిలేసిన కుప్పను నేను మళ్లీ చెరుగుతానండి. ఏనాడూ గింజ దొరక్కుండా ఇంటికెళ్లలేదు. వాళ్లని కూడా నా కాగితాలు ఓసారి చెరిగి చూడమనండి.”

“కొట్టేస్తే?”

“మళ్లీ చూడమని అడగండి,” అంటూ వకాల్తా మీద వేలిముద్ర వేసింది. “నన్ను మాత్రం ఆ దారినే మొయ్యాలండి.”