కుంటిమేక ఉపాయం

ముందే చెప్పేస్తున్నాను. నేను చెప్పే దేంట్లోనైనా సగం తీసేసుకుని వినాలి. మా ఆవిడ ముప్పావు వంతు తీసేస్తుంది. కోదాడలో ఉండే మా అత్తగారైతే మొత్తం తీసేసి, "అల్లుడుగారు దగ్గారండీ, అంతే" అంటుంది. పొట్లకాయ అని మొదలుపెడితే అది నా నోట్లోంచి బయటికి వచ్చేసరికి కొండచిలువ అవుతుంది. ఇందులో నా తప్పేమీ లేదు. సూర్యాపేట మిషను దవాఖానలో కాంపౌండరు పని నాది. చుక్క మందుకు సీసా నిండా నీళ్ళు కలపడానికి అలవాటుపడిన చేయి, మాటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎందుకు ఊరుకుంటుంది?

మాకు పిల్లలు కలగలేదు. దానికి ఊరంతా బాధపడింది గానీ నేను పడలేదని అందరితో అనేవాణ్ణి. అదీ అబద్ధమే. మా ఆవిడ నాకు తెలియకుండా బాధపడేది, నేను ఆమెకు తెలియకుండా బాధపడేవాణ్ణి. ఇద్దరికీ తెలుసు.

పెద్దమ్మాయి కోదాడలో దొరికింది. మా అత్తగారి పక్కింటి ఇల్లాలు కాన్పులో పోతే, ఆ తండ్రి ఇరవై రోజుల పసిగుడ్డును తెచ్చి మా ఆవిడ ఒడిలో పెట్టాడు. ఆ పిల్ల ఏడ్పుకు సరిహద్దు తనిఖీ నాకా దగ్గర జవాన్లు తుపాకులు పారేసి బెజవాడ దాకా పరుగెత్తారని నేను చెబుతుంటాను. అది చెంచా పాలు తాగి నిద్రపోయిందని మా ఆవిడ చెబుతుంటుంది. ఎలాగైతేనేం, ఆ పిల్ల మాటలు నేర్చిన రోజు నుంచీ నన్ను "నాయనా" అంటూనే ఉంది. అది వరమని అప్పట్లో నాకు తెలియదు. ఉచితంగా వచ్చే గాలిని ఎవరు పట్టించుకుంటారు?

చిన్నది వచ్చాక తెలిసింది.

పోలీసు చర్య జరిగి రజాకార్ల గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడు, వానాకాలంలో, మిర్యాలగూడ అయ్యగారు కబురు పంపారు. మా సంఘాల్లో పాస్టరుగారిని అయ్యగారనే అంటాం. గత్తర, అంటే కలరా, వచ్చి తల్లీ తండ్రీ ఒకే వారంలో పోయిన ఐదేళ్ళ పిల్ల ఉందట. నిడమనూరు పక్క పల్లెలో ముసలి అవ్వ దగ్గర ఉందట. వెళ్ళాను. పిల్ల జామచెట్టు కింద నిలబడి ఉంది, చంకలో పాత చీరముక్కతో కట్టిన మూట. పిల్ల కన్నా మూటే పెద్దగా ఉంది. అవ్వ నన్ను పక్కకు పిలిచింది.

"సారూ, పిల్ల మాటకారిది గాదు. ఆ మూట అది ఎవ్వలి ముంగటా ఇప్పది. ఇప్పిన్నాడు మీ ఇల్లు దానిదైనట్టు. గప్పుడు నాకు కబురు పెట్టు, నా పానం నిమ్మలమైతది. క్రిస్మస్ దాంక ఇప్పకుంటె నేనే వచ్చి తోల్కపోత. కూలి నాలి జేసి సాదుకుంట."

"నాలుగు రోజుల్ల ఇప్పిస్త అవ్వా!" అన్నాను. మందు సీసాల మూతలు ఎన్ని తీసినవాణ్ణి!

బొగ్గుతో నడిచే బస్సులో సూర్యాపేట చేరడానికి మాకు సృష్టికి పట్టినన్ని రోజులు పట్టింది. దారిలో నేను చెప్పిన కథలకు డ్రైవరు నవ్వాడు, కండక్టరు నవ్వాడు, వెనక సీట్లో మేక కూడా నవ్వింది. పిల్ల నవ్వలేదు. దిగేటప్పుడు మాత్రం ఒక్క మాట అడిగింది. "కాంపౌండర్ సారూ, గిదేనా మీ ఇల్లు?"

నాలుగు రోజులు కాదు, నాలుగు నెలలు గడిచాయి. మూట ముడి అలాగే ఉంది. రాత్రి తల కింద మూట, పగలు చంకలో మూట. మా ఆవిడను "అమ్మగారూ" అనేది. పెద్దదాన్ని మొదటి వారంలోనే "అక్కా" అంది. నేను మాత్రం కాంపౌండర్ సారునే. దీపాలు పెట్టే వేళ మా ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉంటుంది, పిల్లలు కూడా తలా ఒక ప్రార్థన చెప్పాలి. చిన్నదాని ప్రార్థన రోజూ ఒకటే.

"దేవా, అవ్వను సల్లగ సూడు. అక్కను సూడు. నా కోడిని సూడు. అమ్మగారిని సూడు. కాంపౌండర్ సారును గూడ సూడు."

కోడి తరువాత నేను. పైగా "గూడ". ఆ కోడి, ఆమె వచ్చిన రోజు మా ఆవిడ ఆమె చేతిలో పెట్టిన చిన్న కోడిపెట్ట. దానికి గింజలు వేసి, కథలు చెప్పి, మా ఇంట్లో నాకు లేని గౌరవంతో పెంచింది.

కళ్ళాలు అయ్యాక మా సంఘంలో కోతపండుగ వస్తుంది. ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. వడ్లు, గుమ్మడికాయలు, మేకలు, గుడ్లు. ఆరాధన అయ్యాక వాటికి హర్రాజు, అంటే వేలం పాట. పాడుకున్నవాళ్ళు వస్తువు తీసుకెళతారు, డబ్బు సంఘానికి. ఎవరికి ఏది ఇష్టమైతే అది దేవునికి ఇవ్వాలని ఆదివారపు బడిలో చెప్పారట. చిన్నది తన కోడిని ఎత్తుకొచ్చింది. "ఇస్తావా అమ్మా?" అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. తలూపింది. తరువాత హర్రాజు ఉంటుందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు నా బుద్ధంతా నా గుమ్మడికాయ మీదే ఉంది. ఆ కాయను ఇంటి నుంచి చర్చికి చేర్చడానికి రెండు జతల ఎడ్లు మార్చాల్సి వచ్చింది. రైసు మిల్లు గుమాస్తా దాని మీద కన్నేశాడు. నా కాయను నేనే తిరిగి పాడుకోవాలని నా పట్టుదల. మేమిద్దరం గొంతులు చించుకుంటుంటే, అవతల చివ్వెంల నుంచి వచ్చిన ఒక మీసాల రైతు కోడిని పాడుకుని, కాళ్ళు కట్టి, సైకిలుకు వేలాడదీశాడు. ఒక కుంటిమేక వచ్చింది గానీ దాన్ని ఎవరూ పాడలేదు. తెచ్చినాయనే సిగ్గుపడుతూ మళ్ళీ ఇంటికి తోలుకుపోయాడు. ఇవన్నీ నేను చూడలేదు. చిన్నది చూసింది.

నా చొక్కా అంచు పట్టుకుని లాగింది. "సారూ, నా కోడిని గాయన ఎందుకు తీస్కపోతుండు?"

"దేవుని ముంగట పెట్టినంక హర్రాజే బిడ్డా. ఎక్కువ పాడినోల్లు తీస్కపోతరు."

"ఏది పెట్టినా?"

"ఏది పెట్టినా! నిన్ను పెట్టినా పాడుతరు. నీకైతె గరిడేపల్లి నుంచి గూడ బండ్లు గట్టుకొని వస్తరు!" అని నేనే పగలబడి నవ్వి, మళ్ళీ గుమ్మడికాయ వైపు తిరిగాను. కాయ గుమాస్తాకే పోయింది.

చివర్లో మా సూర్యాపేట అయ్యగారు ప్రకటన చదివారు: "వచ్చే ఆదివారం కాంపౌండరుగారు తమ చిన్నబిడ్డను దేవుని సన్నిధిలో ప్రతిష్ఠిస్తారు." పెంచుకున్న బిడ్డను సంఘం ముందుకు తెచ్చి, మా బిడ్డే అని ఒప్పుకుని, ప్రార్థన చేయించుకోవడం మా ఆచారం. పెద్దదానికీ చేశాం. నేను సంబరంగా చిన్నదాని చెవిలో అన్నాను: "ఇన్నవా? వచ్చే ఆదివారం నిన్ను ముంగట పెడుతున్నం!"

సోమవారం పొద్దున లేచేసరికి పిల్ల కుంటుతోంది.

దవాఖానలో ఉన్న లేపనాలన్నీ పూశాను. ఆముదంతో మొదలుపెట్టి, గుర్రాలకు వాడేదాని దాకా వెళ్ళాను. పొద్దున కుడికాలు కుంటితే సాయంత్రం ఎడమకాలు కుంటేది. "రోగం ఊరేగుతున్నది" అని నిర్ధారించాను. మా ఆవిడ నన్ను చూసి నిట్టూర్చింది.

"కాలు కాదండీ. పిల్ల దేనికో భయపడుతుంది. మీరేమన్నా వాగారా?"

"నేనా? నేనేమంట!"

నిజంగానే గుర్తు లేదు. అదే నా జబ్బు. అన్నవాడు మరిచిపోతాడు, విన్నవాళ్ళు మోస్తారు. పెద్దవాళ్ళు నా మాటలో సగం తీసేసుకుంటారు. పసివాళ్ళకు ఆ తీసివేత ఇంకా రాదు, మొత్తం మింగేస్తారు. ఈ సంగతి నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఆదివారం పొద్దున పెద్దది పరుగెత్తుకొచ్చింది. "నాయనా, చెల్లె మొకానికి పొయ్యి మసి రాస్కుంటున్నది!" కడిగాం. మళ్ళీ రాసుకుంది. మళ్ళీ కడిగాం. ఆఖరికి చెవుల వెనక మసితో, చంకలో మూటతో, ఈసారి రెండు కాళ్ళూ కుంటుకుంటూ చర్చికి వచ్చింది.

అయ్యగారు పిలిచారు. మేము నలుగురం ముందుకు వెళ్ళాం. చిన్నది సరిగ్గా వారం కింద తన కోడిని దించిన చోట నిలబడింది. అయ్యగారు ఆమె తల మీద చేయి పెట్టి, సంఘం వైపు చూసి, గట్టిగా అడిగారు: "ఈ బిడ్డను తమ బిడ్డగా ఎవరు తీసుకుంటున్నారు?"

నేను జవాబు చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. సరిగ్గా అప్పుడే మూడో వరుసలో చివ్వెంల మీసాలాయన తలపాగా సర్దుకోవడానికి చేయి పైకెత్తాడు.

పిల్ల కెవ్వుమంది. ఆ కేక మిర్యాలగూడలో వినబడింది, కావాలంటే అడగండి. దభీమని కూలబడి, పళ్ళతో మూట ముడి విప్పింది. నాలుగు నెలలు నేను విప్పించలేని ముడి. లోపలివన్నీ నా పాదాల మీద గుమ్మరించింది. సొట్టపోయిన ఇత్తడి గ్లాసు, సగం పళ్ళు లేని దువ్వెన, పెద్దవాళ్ళ చేతికి పట్టే ఆకుపచ్చ గాజు ఒకటి, పురుగుపట్టిన గుప్పెడు పల్లికాయలు.

"నాయనా, గివన్ని నీకే! నువ్వే పాడుకో! నేను కుంటిదాన్ని, ఎవ్వలు ఎక్కువ పాడరు. ఇంటికి తోల్కపో!"

చర్చి అంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. మరుక్షణం చప్పున ఆగిపోయింది. గాజు మా ఆవిడ కాలి దాకా దొర్లుకుంటూ పోయింది. కుంటిమేక, మసి, ఊరేగిన రోగం, గరిడేపల్లి బండ్లు, అన్నీ అప్పుడు నా నెత్తిన వరసగా పడ్డాయి.

పెద్దది నా మోచేయి పొడిచింది. "పాడు నాయనా! సూస్తవేంది?"

"పాడుకున్న" అన్నాను. "నేనే పాడుకున్న."

మా అయ్యగారు గంభీరమైన మనిషి. ఆయన నవ్వడం చూసినవాళ్ళు లేరు. ఆయన ఒకసారి పిల్ల వైపు చూసి, ఒకసారి నా వైపు చూసి, సంఘం వైపు తిరిగారు.

"కాంపౌండరుగారి పాట. ఒకటోసారి!"

పిల్ల పల్లికాయలను నా వైపు ఇంకొంచెం తోసింది.

"రెండోసారి!"

చివ్వెంల ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"మూడోసారి! ఇగ ఈ బిడ్డ వాళ్ళదే. ఎవరూ అడిగేది లేదు." ఆ తరువాత ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశారు.

తిరిగి వెళ్ళేటప్పుడు పిల్ల రెండు కాళ్ళతో చక్కగా పరుగెత్తింది. మిర్యాలగూడ బస్సు డ్రైవరు చేత అవ్వకు కబురు పంపాను: "మూట ఇప్పింది." అవ్వ క్రిస్మస్‌కు వచ్చింది, తోలుకుపోవడానికి కాదు, బొబ్బట్లు తినడానికి. ఆ ఆదివారం మర్నాడే చివ్వెంల ఆయన సైకిలు మీద కోడిని తెచ్చి గుమ్మం ముందు వదిలేశాడు. "ఇది గుడ్డు పెడతలేదు, మాకొద్దు" అన్నాడు. అబద్ధాలాడటం ఆయనకు చేతకాదు. సంచీలో రెండు గుడ్లు కూడా తెచ్చాడు.

ఇక ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. గుమ్మడికాయకు ఎడ్లు అక్కర్లేదు, నేనే భుజం మీద మోసుకొచ్చాను. మేక నవ్వలేదు. జవాన్లు పారిపోలేదు. వీటిని మీరు ముందే తీసేసి ఉంటారు. మూట, గాజు, పల్లికాయలు, మూడుసార్ల పాట, ఇవి మాత్రం చెప్పినవి చెప్పినట్లే, కొలతకు గింజ ఎక్కువ లేదు. అక్కడ నేను కల్పించింది ఒక్క మాటే. ఆ రోజు పిల్ల నన్ను "నాయనా" అనలేదు. "కాంపౌండర్ సారూ, నువ్వే పాడుకో" అంది. ఇన్నేళ్ళుగా ఈ కథ చెబుతూ చెబుతూ, ఆ ఒక్కచోట మాట మారుస్తూ వచ్చాను.

అసలు మాట క్రిస్మస్ పండుగ వెళ్ళిన తరువాత, ఒక మామూలు మధ్యాహ్నం వచ్చింది. నేను కంచంలో అన్నం పెట్టుకుని, పక్కింటాయనతో ఏవో కోతలు కోస్తున్నాను. పెరట్లోంచి చిన్నదాని కేక వినబడింది.

"నాయనా! కోడి నీ అన్నం తింటున్నది, సూస్కో!"

చూసుకోలేదు. దాన్ని కడుపునిండా తిననిచ్చాను.