తెలీలేదు బాబాయి

చెప్పడానికి ఏమీ లేకపోయినా పనిగట్టుకుని వెళ్ళి, ఏమీ లేదని చెప్పి రావడం మా 'తెలీలేదు' బాబాయికున్న జబ్బు. లాంచీల కంపెనీలో ఎంక్వయిరీ గుమాస్తా. లాంచీ ఎప్పుడొస్తుందని అడిగినవాళ్ళని పది నిమిషాలకోసారి వెతుక్కుంటూ పోయి, "ఇంకా తెలీలేదండీ, ఆ మాటే చెబుదామని వచ్చా" అంటాడు. ఒకాయన ఈ బాధ పడలేక మరుగుదొడ్లో దాక్కుంటే, తలుపు కొట్టి మరీ చెప్పాడు.

ఇంట్లో అయితే మరీను. "ఏమే, నాకు జ్వరం వస్తుందో రాదో ఇంకా తెలీలేదు" అంటూ వంటింట్లోకి నాలుగుసార్లు వస్తే, పిన్ని గరిటె ఎత్తింది. "వచ్చాక చెప్పండి! ఈలోపల నాకొచ్చేట్టుంది!"

ఈ కథలన్నీ చెప్పి పడీపడీ నవ్వేది టికెట్లిచ్చే అమ్మాయి. ఆ వానరోజు మాత్రం నవ్వలేదు. అవతలి ఒడ్డునుంచి మూడింటికి రావలసిన లాంచీ నాలుగున్నరైనా రాలేదు. అందులో నలభై రెండు మంది. వాళ్ళలో ఒకడు ఆమె తమ్ముడు. వైర్‌లెస్‌లో గరగర తప్ప మాట లేదు.

బయట జనం పెరిగారు. మేనేజరు షట్టరు దింపించేశాడు.

"పూర్తి సంగతి తెలిసేదాకా ఎవరూ నోరు విప్పొద్దు. విప్పినవాడు రేపు పనిలోకి రానక్కర్లేదు."

షట్టరు మీద రాయి పడింది. బాబాయి గొడుగు తీశాడు.

"ఎక్కడికయ్యా?"

"చెప్పొస్తానండీ."

"ఏం చెబుతావు? ఏమీ తెలీదుగా!"

"అదేనండీ చెప్పేది."

పక్క తలుపులోంచి వెళ్ళి బెంచీ ఎక్కాడు. "లాంచీ సంగతి ఇంకా తెలీలేదు. వెతకడానికి రెండు పడవలు వెళ్ళాయి. పది నిమిషాల్లో మళ్ళీ వస్తా."

"తెలీనప్పుడు ఎందుకొచ్చావురా?" చొక్కా మీద బురద పడింది. ఒక ముసలమ్మయితే ఆయన ఏడు తరాలనీ కడిగేసింది. అంతా విని, లోపలికొచ్చి, అమ్మాయి దగ్గర ఆగాడు.

"నీక్కూడా అంతేనమ్మా. ఇంకా తెలీలేదు."

పది నిమిషాలకి మళ్ళీ వెళ్ళాడు. ఆ తర్వాత మళ్ళీ. నాలుగోసారికి రాళ్ళు ఆగాయి. ఐదోసారికి మేనేజరే గడియారం చూసి, "టైమైంది, వెళ్ళవేమయ్యా?" అన్నాడు.

తడిసి ముద్దయి తిరిగొచ్చిన బాబాయిని అమ్మాయి అడిగింది. "ఏమీ లేకుండా పోయి ఎందుకు తిట్టించుకుంటావు బాబాయ్?"

"తిట్టడానికైనా ఎదురుగా ఒక మనిషుండాలి కదమ్మా. షట్టర్ని తిడితే వాళ్ళకేం ఊరట?"

అమ్మాయి తన చేతిరుమాలు ఇచ్చింది.

అయిదున్నరకి వైర్‌లెస్ పలికింది. ఇంజను ఆగిపోయి, లాంచీ కొట్టుకుపోయి ఇసుకతిప్ప ఎక్కిందట. మేనేజరు కాగితం తీసి 'కలిగిన అసౌకర్యానికి' అని రాసేలోపే బాబాయి బెంచీ మీదున్నాడు.

నోరు తెరిచాడు. మాట రాలేదు. చేతులు ఊపాడు. జనం ఊపిరి బిగబట్టారు.

ఇందాకటి ముసలమ్మ ముందుకొచ్చి ఆయన కాళ్ళు కుదిపేసింది. "నాయనా, తెలీలేదనైనా చెప్పయ్యా! ప్రాణాలు పోతున్నాయి మాకు!"

పక్క తలుపులోంచి అమ్మాయి పరుగెత్తుకొచ్చి గొంతు చించుకుంది. "అందరూ క్షేమం! నలభై రెండు మందీ!"

ఒడ్డంతా ఒక్కసారి హోరెత్తింది. ఎవరు ఎవర్ని కావలించుకుంటున్నారో తెలియలేదు. బాబాయి మాత్రం ఆ తడి బెంచీ మీదే కూలబడి, కళ్ళజోడు తుడుచుకుంటూ సిగ్గుపడ్డాడు.

"ఏమనుకోకమ్మాయ్. తెలిసింది చెప్పడం నాకు అలవాటు లేదు."