విశ్వనాథం గారి కారు ఎటు లాగింది

కెనడాలో, ఈ మిస్సిసాగాలో నా ఈడు తెలుగు ఆడవాళ్ళలో సగం మందికి డ్రైవింగ్ నేర్పింది విశ్వనాథం గారే. ఆయనకు అదేం ఉద్యోగం కాదు. డ్రైవింగ్ స్కూల్లో కసురుకుంటే ఏడుస్తూ ఇంటికొచ్చిన వాళ్ళని, మొగుడు "నీవల్ల కాదులే" అని వదిలేసిన వాళ్ళని వెతికి పట్టుకుని మరీ నేర్పేవారు. నేను రెండో రకం. మా ఆయన పక్కన కూర్చుంటే నాకు బ్రేకేదో గ్యాసు పెడలేదో గుర్తొచ్చేది కాదు. ఈయన పక్కన ఉంటే గుండె కుదుటగా ఉండేది. "తొందరేం లేదు సుధమ్మా, రోడ్డు ఎక్కడికీ పోదు" అనేవారు. వెనక హారన్లు మోగుతున్నా ఆ మాటే అనేవారు.

ఆయన కారు కీళ్ళు అరగడానికి కారణం మేమే. ముందు చక్రాలను తిప్పే ఇనుప కడ్డీని యాక్సిల్ అంటారు కదా, దానికి రెండు చివర్లా కీళ్ళుంటాయి. కీలు మీద రబ్బరు తొడుగు, తొడుగు నిండా గ్రీజు. స్టీరింగు చివరికంటా తిప్పి బండి నడిపితే బరువంతా ఆ కీళ్ళ మీదే పడుతుంది. నేర్చుకునేవాళ్ళు చేసేదే అది. పార్కింగు రాక, వెనక్కి తిప్పుకోవడం రాక, స్టీరింగు మెలిపెట్టి గ్యాసు తొక్కేవాళ్ళం. దానికి తోడు ఇక్కడి చలికి రబ్బరు పగిలేది. పగులులోంచి గ్రీజు బయటికి, రోడ్డు మీద చల్లే ఉప్పు లోపలికి. ఇక మలుపు తిరిగితే చాలు, చక్రం దగ్గర టకటకమని చప్పుడు.

ఆ చప్పుడు వింటే మాకు భయం, ఆయనకు పండగ. ఇలాంటి కడ్డీలు తయారుచేసే ఫ్యాక్టరీలోనే ఆయన ఉద్యోగమంతా ఇన్‌స్పెక్టరుగా గడిచిపోయింది. కాకినాడలో ఇంజనీరింగు చదివి వచ్చిన మనిషికి అది చిన్న ఉద్యోగమేనని కొందరు వెనకాల అనేవారు. అనేవాళ్ళ నోళ్ళు పడిపోను, వాళ్ళ పెళ్ళాలకు కారు నేర్పిందీ ఈయనే. పిల్లల్లేరు. వేసవి వస్తే ఇంటి ముందు డ్రైవ్‌వేలో జాకీ మీద కారెత్తి, కీలు విప్పి, కడిగి, గ్రీజు కూరి, కొత్త తొడుగు వేసి మళ్ళీ బిగించేవారు. వాళ్ళావిడ సూర్యకుమారి వదిన గుమ్మంలో నిలబడి, "నా మోకాళ్ళు ఎప్పుడరిగాయో ఈయనకి తెలీదు గానీ, కారు కీళ్ళు మాత్రం నిద్రలో కూడా వినిపిస్తాయి" అని ఆటపట్టించేది.

ఊరందరికీ నేర్పినాయన ఇంట్లో ఆవిడకి నేర్పలేదు. అడిగితే ఆవిడే "ఆయనుండగా నాకెందుకమ్మా" అనేది. రెండు మోకాళ్ళకీ ఆపరేషనైంది. వాళ్ళ టౌన్‌హౌసు నుంచి బస్టాపుకి ఆవిడ నడవలేదు, మంచులో అయితే అసలే నడవలేదు. గుడికి, కూరగాయలకి, ఫిజియోథెరపీకి, ఎవరింట్లోనైనా నోముంటే దానికి, అన్నిటికీ ఆ నీలం కారే.

పోయిన శీతాకాలంలో మొదలైంది. ముందు ఒకసారి పేవ్‌మెంటు అంచెక్కించారు. తర్వాత వీధి చివర ఉత్తరాల పెట్టెను రాసుకుంటూ పోయారు. రెండుసార్లూ కుడివైపే. "బండి కుడికి లాగుతోందమ్మా, యాక్సిల్ కీలు పోయినట్టుంది" అన్నారు. పెద్దాయన అన్నాక కాదంటామా? పైగా కుడి చక్రం దగ్గర టకటక నిజంగానే వినిపిస్తోంది.

తర్వాత ఒకరోజు నేను కూడా ఆ కారులో ఉన్నాను. సరుకులు కొనుక్కుని వస్తున్నాం. ముందు సీట్లో నేను, వెనక వదిన. సిగ్నల్ దగ్గర ఆగి కుడికి తిరుగుతున్నారు. కుడిపక్క నుంచి ఒక ముసలామె వాకర్ తోసుకుంటూ రోడ్డు దాటుతోంది. ఎర్ర కోటు. ఆ మంచులో గుడ్డివాడికైనా కనపడేంత ఎరుపు. ఈయన ఆగలేదు. "అన్నయ్యగారూ!" అని నేను అరిచిన అరుపుకి బ్రేకు పడింది. ఆమె వాకర్ బంపరుకి జానెడు దూరంలో ఉంది.

ఆమె దాటిపోయేదాకా ఆయన స్టీరింగు వదల్లేదు. తర్వాత, "చూశావా, ఎలా లాగేసిందో" అన్నారు.

బండి లాగితే చక్రం పక్కకి పోతుంది గానీ, మనిషి కనపడకుండా పోతుందా? ఈ ప్రశ్న నాకు అప్పుడే వచ్చింది. వచ్చినా నోరు విప్పలేదు. నేను మందుల కంపెనీ ల్యాబులో పనిచేసి రిటైరైన దాన్ని, ఏది రుజువో ఏది కాదో నాకు తెలుసు. కానీ కీలు చప్పుడు చేస్తోంది కదా అని నన్ను నేను సముదాయించుకున్నాను. ఆ చప్పుడు వింటే ఇప్పుడు నాకు ప్రాణం లేచొచ్చేది. తప్పు దానిదే అయితే విప్పి మార్చొచ్చు. ఆయనకు వేసవిలో ఎనభై నిండుతాయి. ఎనభై నిండితే ఇక్కడ లైసెన్సుకి మళ్ళీ కంటి పరీక్ష పెడతారు. ఆ మాట ఎత్తితే, "కీలు మార్చనీ, తర్వాత చూద్దాం" అనేవారు.

ఏప్రిల్లో మంచు కరిగాక ఒక ఆదివారం పొద్దున కారెత్తారు. లైటు పట్టుకోవడానికి నన్ను పిలిచారు. యాక్సిల్ నట్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. పానా కాడకి పొడుగాటి పైపు తొడిగి, దాని మీద ఎక్కి నిలబడ్డారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి పైపు మీద ఊగుతుంటే నేను దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. నట్టు కీచుమని కదిలింది. అక్కణ్ణుంచి ఆయన చేతులకు అడ్డులేదు. చక్రం ఊడదీసి, దాన్ని మోసే హబ్బు పక్కకి తోసి, కడ్డీని బయటికి లాగి, కీలు విప్పి అందులోని ఉక్కు గుండ్లు అరచేతిలో పోసుకున్నారు. అవి దొర్లే గాడిలో నా వేలు పెట్టించారు.

"తగుల్తోందా గొయ్యి? ఉప్పు తినేసింది. ఇది లాక్కపోతే ఏం చేస్తుంది?"

గొయ్యి తగిలింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఉంది, రోగం ఇక్కడే ఉంది అనుకున్నాను.

కొత్త కీలుకి గ్రీజు కూరి, తొడుగు ఎక్కించి, దాన్ని బిగించే ఇనుప పట్టీ కోసం చెయ్యి చాచారు. అంతకుముందే ఆ పట్టీ చేతిలోంచి జారి ఆయన కుడి మోకాలి పక్కన పడింది. ఎండలో తళతళలాడుతోంది. ఆయన ముందు వెతికారు, ఎడమవైపు వెతికారు, అటు తిరిగి పెట్టెలో వెతికారు. నేను చూపించలేదు. చూడాలనే ఊరుకున్నాను. చివరికి తల మొత్తం కుడివైపుకి తిప్పితే గానీ ఆయనకు అది కనపడలేదు.

"గ్రీజు చేతులు కదా, జారిపోతాయి" అన్నారు, నేనేమీ అడక్కపోయినా.

మధ్యాహ్నానికి కారు దించారు. మూతపడిన ఫర్నిచర్ దుకాణం ఒకటుంది, దాని వెనక పార్కింగ్ ఖాళీగా ఉంటుంది. మాకందరికీ స్టీరింగు తిప్పడం వచ్చింది అక్కడే. అద్దాలు దించి, స్టీరింగు చివరికంటా తిప్పి, ఆయన మెల్లగా గుండ్రంగా తిప్పారు. ముందు కుడికి, తర్వాత ఎడమకి. చప్పుడు లేదు. టైర్ల కింద గులకరాళ్ళు నలగడం తప్ప ఇంకేం వినపడలేదు.

"నోరు మూసుకుంది చూశావా!" అన్నారు. చిన్నపిల్లాడి మొహంలా ఉంది ఆయన మొహం. నేను చప్పట్లు కొట్టాను.

తర్వాత తిన్నగా పోనిచ్చారు. రెండు తెల్లగీతల మధ్య బాగానే బయల్దేరింది. కాస్త దూరం పోయాక బండి కుడికి ఒరగడం మొదలైంది. నేను చెప్పేలోగా కుడి చక్రం సిమెంటు గట్టెక్కి ధడాలున కిందకి దిగింది.

ఆయన బండి ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇంకా లాగుతోంది" అన్నారు. "నువ్వు నడుపమ్మా. తిన్నగా పోనిచ్చి స్టీరింగు వదిలెయ్యి. ఎటు లాగుతుందో చూద్దాం."

సీట్లు మారాం. గీత పక్కనే పోనిచ్చి చేతులు వదిలేశాను. కారు తాడు కట్టి లాగినట్టు తిన్నగా పోయింది. పార్కింగ్ చివరిదాకా గీతకీ చక్రానికీ మధ్య దూరం మారలేదు. ఆయన వెనక్కి తిరిగి గీత చూశారు. "నేల వాలుగా ఉందేమో. అటునుంచి రా" అన్నారు. అటునుంచి వచ్చాను. తిన్నగానే వచ్చింది.

"ఇంకోసారి."

ఆ గొంతు ఎలా ఉందో నేను రాయలేను. ఎవరైనా కారు బాగుండాలని కోరుకుంటారు. ఈయన అది పాడై ఉండాలని బతిమాలుకుంటున్నారు. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఎవరి మీదో తెలీని కోపం. కొంచెం లాగితే ఏం పోయిందే నీకు అని ఆ కారుని తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే, చేతులు ఒళ్ళో ఉంచుకుని, మోకాలు పైకెత్తి స్టీరింగుని కింద నుంచి రవంత కుడివైపుకి నెట్టాను. కారు గీత మీదకి ఒరిగింది. హమ్మయ్య అనుకున్నాను. ఎర్ర కోటు ముసలామె నాకు ఆ క్షణాన గుర్తే రాలేదు.

ఆయన తల కూడా తిప్పలేదు. ఆ సీట్లో కూర్చుని ఎంతమంది చేసే తప్పుల్ని ఒంటితో పసిగట్టారో.

"మోకాలు తియ్యమ్మా" అన్నారు మెల్లగా.

తీశాను. కారు మళ్ళీ తిన్నగా పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు నేనే నడిపాను. వాళ్ళ వీధి మలుపు దగ్గర ఆయన, "కుడిపక్క ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. లేరన్నాను. తలూపారు.

వదిన తలుపు తీసుకుని గుమ్మంలోకి వచ్చింది. అప్పటికే వంటైపోయిందేమో, పప్పు తాలింపు వాసన బయటిదాకా వస్తోంది.

"ఏమైందండీ? బాగైందా?"

"బాగైంది. కారుకేం లేదు" అన్నారాయన.

"అమ్మయ్య, బతికించారు!" అని ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. తర్వాత నావైపు తిరిగి, "నీకు తెలీదు సుధా, ఈ నాలుగు నెల్లూ నాకు ఒకటే బెంగ. కారు కారని ఈయనంటారు గానీ, కళ్ళేమోనని నా భయం. పైకంటే బాధపడతారని నోరు మూసుకున్నా. కారుదే అన్నమాట!" అంది.

ఆయన గ్రీజు చేతులు గోడకి తగలకుండా ముందుకి పట్టుకుని నిలబడ్డారు.

"సూర్యా, సరిగా విను. కీలు అరిగింది నిజమే. మార్చాను. లాగింది మాత్రం అది కాదు. కారుకేం లేదని చెప్తున్నాను."

ఆవిడ మొహంలో నవ్వు వెంటనే పోలేదు. అలాగే ఉండి, కాసేపటికి దానంతటదే పోయింది. గుమ్మం పక్కన చెప్పులు వేసుకోవడానికి ఒక బల్ల ఉంటుంది, గోడ పట్టుకుని దాని మీద కూర్చుంది.

"నేనున్నానుగా వదినా" అన్నాను. అన్నానే గానీ నాకూ డెబ్బై దగ్గర పడుతున్నాయి. వాన పడుతుంటే 401 హైవే మీద ఎదుటి లైట్లు నాకూ చెదిరిపోతున్నాయి. ఎన్నాళ్ళు ఉంటాను? వదిన నా మాటకి మర్యాదగా తలూపింది.

తర్వాత ఆయన్నే అడిగింది.

"అయితే ఇంక మనం ఎలాగండీ?"

దేనికైనా తొందరేం లేదనే మనిషి. ఈసారి ఆ మాట కూడా అనలేదు. చేతులు అలాగే ముందుకి పట్టుకుని, కుడిపక్కన కూర్చున్న ఆవిడ వైపుకి తల మొత్తం తిప్పి చూశారు.