పాస్టరుగారి వంతు ఆఖర్న

ఆ చర్చిలో పాస్టరుగారి మాటకు తిరుగులేదు. గోడకు ఏ రంగు వేయాలన్నా, కుర్చీలు ఎటు తిప్పాలన్నా ఆయనే చెప్పాలి. మందుల షాపాయన, ఎలక్ట్రీషియన్, టైలరమ్మ అని సంఘపెద్దలు ముగ్గురున్నారు గానీ, "మీరెలా అంటే అలాగే అయ్యగారూ" అని తలూపడమే వాళ్ల పని.

ఇంతలో పాటల బృందంలోని పెద్దావిడ గొంతు శ్రుతి తప్పడం మొదలైంది. ఆమెదొక దారి, కీబోర్డుదొక దారి. పిల్లలు నవ్వాపుకోలేకపోతున్నారు. ఆమెను మానమని ఎవరు చెప్పాలి? అందరూ పాస్టరుగారి వైపే చూశారు. చిన్నప్పుడు ఆయనకు పాట నేర్పింది ఆవిడే. పాపం, ఆయనకు ముద్ద దిగడం లేదు.

తమ్ముణ్ని చూడవచ్చిన అక్క ఇది కనిపెట్టింది. ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్‌నర్సుగా చేసి రిటైరైన మనిషి.

"పెద్దలేమంటున్నార్రా?"

"నన్నే తేల్చమంటున్నారక్కా."

"అనరూ మరి! వాళ్లు నోరు తెరిచేలోపే నువ్వు తీర్పు చెప్పేస్తావాయె. రేపు నన్నూ కూర్చోనివ్వు."

మర్నాడు సాయంత్రం చర్చి వెనక గదిలో అందరూ కూర్చున్నాక ఆవిడ చెప్పింది: ఒక్కొక్కరే మాట్లాడాలి, మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు, పాస్టరుగారి వంతు ఆఖర్న.

మందుల షాపాయన నసిగాడు. "అయ్యగారు ఎలా అంటే..."

"అయ్యగారి సంగతి తర్వాత. మీ మనసులో ఏముందో చెప్పండి."

పాస్టరుగారు నోరు తెరవబోయి, అక్క చూపు తగిలి మూసుకున్నారు. ఎట్టకేలకు షాపాయన అన్నాడు. "మానమంటే ఆవిడ చర్చికే రావడం మానేస్తారేమోనండీ."

"ఇలాగే వదిలేస్తే పిల్లల ముందు నవ్వులపాలవుతారు. అది ఇంకా ఘోరం కదా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

టైలరమ్మ చేతిలోని కొంగు వదిలింది. "ఇంత మాట్లాడుకుంటున్నాం, ఆవిడనొక్క మాట అడిగామా?"

పాస్టరుగారి వంతు వచ్చేసరికి ఆయన లేచి నిలబడ్డారు. "పదండి, అందరం వెళ్దాం."

తలుపు తీసిన పెద్దావిడ ఇంతమందిని చూసి కంగారుపడింది. టైలరమ్మే పక్కన కూర్చుని మెల్లగా విషయం కదిపింది. పెద్దావిడ గట్టిగా ఊపిరి వదిలింది.

"హమ్మయ్య! చెవి మందగించిందని నాకు తెలుసమ్మా. నిలబడితే మోకాళ్లు పీకేస్తున్నాయి. మానేస్తానంటే వీడు చిన్నబుచ్చుకుంటాడని ఇన్నాళ్లూ ఓర్చుకున్నా."

పాస్టరుగారు పగలబడి నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

తిరిగి వస్తుంటే ఆవిడ స్థానంలో ఎవరిని పెట్టాలా అని పెద్దలు ముగ్గురూ వీధి పొడుగునా వాదులాడుకున్నారు. పాస్టరుగారిని ఒక్కరూ అడగలేదు. అక్క పక్కన చేతులూపుకుంటూ ఆయన నింపాదిగా నడిచారు.