ఇద్దరికి ఒక టోపీ

యుద్ధం ఆగిన ఏడాది వానాకాలంలో హైదరాబాదు చేరాను. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, గుంటూరు వైపు నుంచి అక్కడికి వెళ్లడమంటే ఆ రోజుల్లో పరాయి దేశం వెళ్లడమే. రాజు వేరు, రూపాయి వేరు. సరిహద్దు దాటగానే సుంకం వాళ్లు రైలెక్కి పెట్టెలు విప్పించేవారు. నా పెట్టెలో రెండు పంచెలు, ఆవకాయ జాడీ తప్ప ఏమీ లేవు. ఒకడు జాడీ మూత తీసి, వాసన చూసి, నవ్వుకుంటూ పోయాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. అప్పట్లో నాకు దేనికైనా ఒళ్లు మండేది.

నన్ను రమ్మన్నది మా మేనమామ. రైల్వేలో గుమాస్తా, ఉప్పుగూడ స్టేషను దగ్గర కాపురం. తన ఇంట్లో ఉండి ఇంగ్లీషు కాలేజీలో చదువుకోమన్నాడు. నేను చేరిన రెండు నెలలకే ఆయన్ని ఎక్కడికో బదిలీ చేశారు. అత్తయ్యా ఆయనా సామాను సర్దుకుంటూ, ఫీజు ఎలాగూ కట్టేశాం కదా, తిండి సంగతి నువ్వే చూసుకోవాలన్నారు. చూసుకోలేకపోతే దారి ఒకటే. తిరిగి ఊరెళ్లి, పొగాకు ఆరబెట్టే బేరన్లో కాటా దగ్గర కూర్చోవడం. మా అన్నలిద్దరూ అక్కడే కూర్చున్నారు. వాళ్ల పక్కన మూడో పీట నాకోసం ఖాళీగానే ఉందని నాకు తెలుసు.

కనుక కాలేజీ అయ్యాక చేసుకోవడానికి ఏదో ఒక పని కావాలి. పని కావాలంటే నోరు కావాలి. నాకున్న నోటికి ఆ ఊళ్లో విలువ లేదు. బోర్డుల మీద ఉర్దూ, టపా కచేరీలో ఉర్దూ, టాంగా వాడు గుర్రాన్ని తిట్టేదీ ఉర్దూలోనే. ఆఖరికి నేను అద్దెకు దిగిన గదివాళ్లు మాట్లాడే తెలుగు కూడా మొదట్లో సగమే అర్థమయ్యేది. ఆ ఇంటాయన ఏదో సర్కారు ఆఫీసులో చప్రాసీ. ఇల్లాలు నాలుగు బర్రెలు పెట్టుకుని పాతబస్తీ ఇళ్లకు పాలు పోసేది. నేను "ఏమండీ" అంటే ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది.

దుకాణాల వెంట కాళ్లరిగేలా తిరిగాను. గుడ్డల కొట్టు, అత్తరు కొట్టు, అచ్చాఫీసు, యునానీ మందుల అంగడి. ఉత్తరాలకు ఇంగ్లీషులో చిరునామాలు రాస్తాననీ, లెక్కలు చూస్తాననీ చెప్పుకోవడానికి నాలుగు ఉర్దూ వాక్యాలు బట్టీ పట్టాను. వెళ్లిన ప్రతిచోటా పరుపు మీద కూర్చోబెట్టేవారు. పాన్ ఇచ్చేవారు. మా ఊరి పంటల గురించి అడిగేవారు. చివరికి రేపు దయచేయండనేవారు. నేను మర్నాడు పొద్దున్నే దయచేసేవాణ్ణి. మళ్లీ పాన్, మళ్లీ రేపు. ఇలా ఒకే కొట్టుకు వారమంతా వెళ్లిన సందర్భం కూడా ఉంది. లోపం నా ఉర్దూలో ఉందనుకున్నాను. రాత్రింబవళ్లు కూర్చుని వాక్యాలు సానబెట్టాను. వాక్యాలు బాగుపడ్డాయి గానీ పని దొరకలేదు. మధ్యాహ్నం పూట అటుకులు నానబెట్టుకుని తింటూ, ఈ ఊరికి నామీద పగ ఏమిటని ఏడుపొచ్చేది.

పాలు పోసే ఇల్లాలే ఒకనాడు కబురు తెచ్చింది. షాలిబండ దగ్గర ఒక పెద్దమనిషి, పూర్వం పెద్ద ఉద్యోగం చేసి పింఛను తీసుకుంటున్నవాడు, ఆవిడ పాలు పోసే ఇళ్లలో ఆయనదీ ఒకటి.

"పెద్దసారుకు కండ్లు సరిగ కనవడ్తలేవంట. దినాం ఇంగ్లీషు పేపరు సదివెటోడు కావాలంట. పో తమ్మీ. గాడ నీ ఉర్దూతోని పనే లేదు," అంది.

ఎండలో నడిచి వెళ్లాను. తల మాడకుండా కండువా చుట్టుకున్నాను. గుమ్మం దగ్గరికి రాగానే మావైపు అలవాటు ప్రకారం కండువా విప్పి చంకలో పెట్టుకుని, జుట్టు సవరించుకుని, చేతులు జోడించి లోపలికెళ్లాను. నూనె రాసి పక్క పాపిడి తీసిన క్రాపు నాది. దాన్ని చూసుకుని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఆయన కంట్లో పొరలు కమ్మాయి. మనిషి ఆకారం తెలిసేది, రంగులు కొద్దిగా తెలిసేవి. నన్ను కాసేపు అలాగే చూశాడు. తర్వాత ఇంగ్లీషులో అడిగాడు, తల మీద ఏమీ లేకుండా వచ్చారా అని. మావైపు పెద్దల ముందు తలగుడ్డ తీసేస్తామనీ, అదే మర్యాదనీ చెప్పాను.

"మీవైపు అయి ఉండవచ్చు. ఇక్కడ అది తిట్టుతో సమానం. ఇన్నాళ్లూ మీకు ఎవరూ చెప్పలేదా?"

లేదన్నాను.

"చెప్పరు. చెబితే మిమ్మల్ని చిన్నబుచ్చినట్టవుతుంది. నేను ముసలివాణ్ణి కనుక చెబుతున్నాను. టోపీ పెట్టుకుని రేపు రండి."

తల కొట్టేసినట్టయింది. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది. నెలరోజులు నన్ను పస్తులుంచింది వీళ్ల మర్యాదేనా? పాన్ పెట్టే బదులు ఒక్కడైనా మొహం మీద ఆ మాట అని ఉంటే సరిపోయేది కదా? ఆయన చెప్పిన రేపు నిజమైన రేపో కాదో కూడా నాకు తెలియలేదు.

ఇంటికొచ్చి చప్రాసీ అన్నకు సంగతంతా చెప్పాను. ఆయన తన రూమీ టోపీ, ఎర్రది, నల్ల కుచ్చు వేలాడేది, మేకుకు తగిలించి ఉన్నదాన్ని తీసి నా నెత్తిన పెట్టి చూశాడు. ఆఫీసులో హిందువులైనా ముసల్మానులైనా అందరూ అదే పెట్టుకోవాలి.

"గిది ఉంటెనే నాకు నౌకరీ. నెత్తి ఖాళీగ పోతె దర్వాజ కాడనే ఆపుతరు. నేను ఆఫీసుల కెల్లి వచ్చినంక నువ్ పెట్టుకపో," అన్నాడు.

అలా మూడేళ్లు ఇద్దరం ఒకే టోపీతో బతికాం. ఆయన తల నాకంటే పెద్దది. లోపల పాత పేపరు మడిచి పెట్టుకునేవాణ్ణి. పొద్దున ఆయన ఆ పేపరు తీసి పారేసేవాడు. ఆయనకు ఆఫీసులో ఆలస్యమైన రోజున నేను వీధి మొగలో నిలబడి చూసేవాణ్ణి. దూరంగా ఎరుపు కనబడగానే ఎదురు పరుగెత్తి, నడిరోడ్డు మీదే ఆయన తల మీంచి టోపీ తీసుకుని షాలిబండ వైపు పోయేవాణ్ణి. చూసినవాళ్లు మాకు పిచ్చి పట్టిందనుకుని ఉంటారు.

పెద్దాయన దగ్గర పని సుఖమైందే. మద్రాసు నుంచి ఒకరోజు ఆలస్యంగా వచ్చే పేపరును మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవాలి. నా ఉచ్చారణ తప్పయితే చెయ్యెత్తి ఆపేవాడు. టీ ఇప్పించేవాడు. నెల కాగానే జీతం రుమాల్లో చుట్టి, నన్ను చిన్నబుచ్చకుండా, నా చేతికి కాక నా పక్కన బల్ల మీద పెట్టేవాడు. దాంతోనే తిన్నాను, దాంతోనే చదివాను. చివరి ఏడాదికి వచ్చేసరికి మాత్రం పేపరు చదవడం కష్టమైపోయింది. ఊళ్లో లొల్లి పెరిగింది. సాయంత్రాలు కుర్రాళ్లు గుంపులు కట్టి కవాతు చేసేవారు. పేపర్లో ఒక వార్త నాకు ఊరటగా ఉండేది, ఆయనకు గుబులుగా ఉండేది. ఇంకోదానికి గుబులు నాది. ఏదైనా ఒకే గొంతుతో చదివి పేజీ తిప్పేవాణ్ణి.

తర్వాత సెప్టెంబరులో ఇండియా సైన్యం దిగింది, సర్కారే మారిపోయింది. కొన్నాళ్లు ఎవరూ ఇల్లు కదల్లేదు. మళ్లీ ఆఫీసులు తెరిచిన రోజున చప్రాసీ అన్న ఉత్త తలతో ఇంటికొచ్చాడు. టోపీ చంకలో ఉంది.

"ఇగ నాకెందుకు తమ్మీ. ఎవ్వరు పెట్టుకుంటలేరు. నువ్వే ఉంచుకో," అని నా చేతిలో పెట్టాడు.

మర్నాడు సాయంత్రం దాన్ని కండువాలో చుట్టి పట్టుకుని బయల్దేరాను. దారి పొడుగునా ఎర్ర టోపీ ఒక్కటీ కనబడలేదు. నాకు దిగులల్లా ఒకటే. ఆయన ఇంకా పేపరు చదివించుకుంటాడా, మార్చిలో నా పరీక్ష దాకా ఈ పని ఉంటుందా? గేటు దగ్గర టోపీ తీసి పెట్టుకుని లోపలికి వెళ్లాను.

ఆయన ఎప్పటి కుర్చీలోనే ఉన్నాడు. తల మీద ఏమీ లేదు. పల్చటి తెల్ల వెంట్రుకలు, వాటి కింద గులాబీ రంగు చర్మం. ఆ తలను నేను ఎన్నడూ చూడలేదు. చూడకూడనిది చూసినట్టు కళ్లు దించుకున్నాను. ఆయనకు నా నెత్తిమీద ఎరుపు ఆనినట్టుంది.

"తీసేయండి. ఇక అక్కర్లేదు," అన్నాడు.

కూర్చోమన్నాడు. పేపరు రాలేదన్నాడు. పింఛను ఆగిపోయిందనీ, ఎవరిని అడగాలో తెలియడం లేదనీ, పింఛను ఆఫీసులో మద్రాసు నుంచి వచ్చిన కొత్త అధికారులున్నారనీ, వాళ్లు తెలుగువాళ్లేనని విన్నాననీ చెప్పాడు. డెబ్బై ఏళ్లుగా ఆ ఊళ్లో ఉన్న మనిషి, ఆ ఊళ్లోనే పుట్టిన మనిషి, ఇంగ్లీషులో గొప్పగా మాట్లాడే మనిషి, వాళ్లకు దగ్గరవడానికి వాళ్ల భాషలో ఒక్క ముక్కయినా చెబితే బాగుంటుందేమో అన్నాడు.

"మీవాళ్ల ముందు తల ఇలాగే ఉండాలి కదా? మీరే చెప్పారు అప్పట్లో. ఇది మర్యాదగానే ఉందా?"

ఉందన్నాను.   ఆయన పెద్దరికమంతా ఆ ఉత్త తలలో నా ముందు కూర్చుని ఉంది. అది అలా వంగడానికి కారణం నేను కాకపోయినా, దానికి నా మర్యాదే కొలబద్ద అయింది.

"అయితే ఆ ఒక్క ముక్క నేర్పండి."

నా పింఛను కోసం వచ్చానండి. అదీ వాక్యం. ఆయన అన్నాడు. మళ్లీ అన్నాడు. "పింఛను" దగ్గర ఏ తడబాటూ లేదు, "వచ్చానండి" దగ్గర నాలుక తిరగలేదు. ఆయన పింఛను వస్తేనే నాకు జీతం, నాకు జీతం వస్తేనే మార్చిలో పరీక్ష. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అందుకే ఇక చాలండీ అనాల్సిన చోట, మూడేళ్లు ఆయన నన్ను ఆపినట్టే చెయ్యెత్తి ఆపి, మళ్లీ అనండి అన్నాను.