రెండో కంట్రోలర్

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి టీకి వెళ్లిపోయే రకం నేను. నిజాంపేట హాస్టల్లో నా రూమ్మేట్లు అలాంటివి చెప్పుకుంటుంటే ఒళ్లు మండేది. ఇప్పుడు నేనే ఒకటి రాస్తున్నాను. నమ్మమని అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాదాపూర్‌లో ఒక చిన్న వీడియో గేమ్‌ల కంపెనీలో పని చేస్తాను. ఆటలో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. నిరుడు ఇద్దరు కలిసి ఆడాల్సిన ఆట ఒకటి మా చేతికి వచ్చింది. అందులో ఒకరు దీపం పట్టుకుని నీళ్ల మీది వంతెనలు దాటుతూ నడవాలి. రెండోవారు నీడ. చీకటి పడిన చోటే నీడ నిలబడగలదు. దీపం తొందరపడి కదిలిందా, నీడ నీళ్లలో పడిపోతుంది.

దీపం నాది, నీడ నాతో పని చేసే యాదగిరన్నది. అన్న వాళ్లది నార్సింగి, నాకంటే పదేళ్లు పెద్ద. నాకు ఓపిక తక్కువ. రోజుకు ఇరవైసార్లు ఆయన్ని నీళ్లలో ముంచేదాన్ని. "ఆగరాదె చెల్లె, గంత తొందరేంది? నేను రెండుసార్లు ఎగిరినంక దీపం కదుపు" అని ఒక గుర్తు పెట్టాడు. అది ఆటలో ఉన్న నియమం కాదు. మా ఇద్దరికే తెలుసు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. లెవెల్ మధ్యలో ఒకరు లేచి వెళ్తే అప్పటిదాకా ఆడింది చెల్లదు, మళ్లీ మొదటినుంచి ఆడాలి. పూర్తయ్యాక ఆడిన ఇద్దరి పేర్లూ కాగితం మీద రాయాలి.

ఒక రోజు ఆఖరి లెవెల్ మొదలుపెట్టాం. మధ్యాహ్నం మూడింటికి అన్న ఛాతీ రుద్దుకుంటూ, "జర మంటగ ఉంది చెల్లె, దవాఖానకు పోయొస్త" అన్నాడు.

"గ్యాస్ అయ్యుంటుందిలే అన్నా. ఇదొక్కటి అయ్యాక వెళ్దువు" అన్నాను.

పాపం, కూర్చున్నాడు. నలభై నిమిషాలు ఆడాం. లెవెల్ పూర్తి కాలేదు. చెమటలు పట్టేసరికి తనే లేచి వెళ్లాడు. సాయంత్రం ఫోన్ వచ్చింది, అన్న ఇక లేడని.

దశదిన కర్మకు వాళ్లింటికి వెళ్లాను. వదిన నా చెయ్యి పట్టుకుని, "ఒక్క అరగంట ముంగట తెస్తే బతికెటోడన్నరు డాక్టర్లు" అంది. నేనే ఆపానని చెప్పలేదు. ఏడుపూ రాలేదు. పెట్టిన అన్నం తిని బస్సెక్కి వచ్చేశాను.

తర్వాతి సోమవారం మేనేజర్ ఆ లెవెల్ ముగించమన్నాడు. వేరే మనిషిని ఇస్తానంటే వద్దన్నాను. చేత్తో పట్టుకుని మీటలు నొక్కే కంట్రోలర్లు రెండూ తగిలిస్తే తప్ప ఆట మొదలవదు. కాసేపు ఇది, కాసేపు అది నొక్కి నేనే ఆడదామనుకుని అన్న కంట్రోలర్ ఆయన బల్ల మీద పెట్టాను. అందరూ భోజనాలకు వెళ్లారు. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది.

మొదటి వంతెన దగ్గర అలవాటు కొద్దీ దీపం కదపబోయాను. నీడ రెండుసార్లు ఎగిరింది.

అన్న కంట్రోలర్ బల్ల మీదే ఉంది. నా రెండు చేతులూ నా కంట్రోలర్ మీదే ఉన్నాయి. నాకు భయం వేయలేదు. అసలు ఏమీ అనిపించలేదు. దీపం కదిపాను, నీడ దాటింది. తర్వాతి వంతెన దగ్గర అది ఎగిరేదాకా ఆగాను. ఆ రోజు ఒక్కసారి కూడా ముంచలేదు.

ఆఖర్న ఒక తలుపు ఉంటుంది. నీడ లోపలికి వెళ్తేనే లెవెల్ ముగుస్తుంది. అక్కడికొచ్చి నీడ ఆగిపోయింది. దీపం అటు తిప్పాను, ఇటు తిప్పాను. కదల్లేదు. చివరి రోజు నా మాట మీద అన్న కూర్చున్నట్టే నిలబడి ఉంది.

"ఇక చాలన్నా. నువ్వు వెళ్లు" అన్నాను. పైకే అన్నాను.

నీడ రెండుసార్లు ఎగిరి లోపలికి వెళ్లింది. నేను బల్ల మీద తల పెట్టుకుని, అన్న పోయాక మొదటిసారి, వెక్కివెక్కి ఏడ్చాను.

భోజనాలయ్యాక మా ప్రోగ్రామర్ ఆట రికార్డు తీసి చూశాడు. "రెండో కంట్రోలర్ నుంచే నొక్కినట్టుంది అక్కా. పక్కన ఎవరు కూర్చున్నరు?" అన్నాడు. పాడైందేమోనని దాన్ని విప్పి చూశాడు. బాగానే ఉంది. పాడైందనే అనుకుందాం, మరి మా గుర్తు దానికెలా తెలుసు?

కాగితంలో రెండో పేరు దగ్గర యాదగిరి అని రాశాను. ఎవరూ అడగలేదు. నేను రాసింది అబద్ధమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. దాని జిరాక్స్ ఒకటి నా బ్యాగులో ఉంది. నార్సింగి వెళ్లి వదినకు అది చూపించాలి, ఆ నలభై నిమిషాల సంగతి చెప్పాలి. రెండుసార్లు వాళ్ల వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను.