చప్పుడు నడిచి వచ్చే దూరం

మా చిన్నప్పుడు... రాకెట్ ఎగిరే రోజంటే మా నాయన ఇంట్లో ఉండే రోజు. ఆ పూట పడవలు సముద్రం మీదికి పోకూడదని ముందే చెప్పేవాళ్లు. వాకాడు దగ్గర చేపలు పట్టుకుని బతికే పల్లె మాది. వేట లేకపోతే నాయనకు కాలు ఒకచోట నిలిచేది కాదు. వల విప్పేవాడు, మళ్లీ చుట్టేవాడు, వాకిట్లోకి పోయి రాకెట్ లేచే దక్షిణం వైపు చూసేవాడు. ఆయన వెనకాలే నేనూ...

ముందు వెలుగు లేచేది. చప్పుడు మాత్రం ఎంతకీ వచ్చేది కాదు. అదేందని అడిగితే నాయన చెప్పేవాడు.

"వెలుగు ఎగిరొస్తాది మే. చప్పుడు ముసలోడు. ఇసకలో నడిచి రావాల గదా."

ఆ ముసలోడు దారిలో చుట్ట ముట్టించుకుంటాడు, పీత కరిస్తే తిట్టుకుంటాడు... చప్పుడొచ్చి తలుపులు దడదడలాడేలోపు కథ అయిపోవాలి. అదీ మా పందెం.

ఏడో తరగతిలో సైన్సు మేడం అడిగారు, మెరుపు ముందు, ఉరుము తర్వాత ఎందుకని. ఎగిరి చెయ్యెత్తి ముసలోడి సంగతి చెప్పేశాను. క్లాసంతా పగలబడి నవ్వింది. మేడం నవ్వు ఆపుకుంటూ అసలు సంగతి చెప్పారు... గాలిలో చప్పుడు సెకనుకు మూడువందల నలభై మీటర్లు పోతుందట, నీళ్లలో అంతకు నాలుగింతలు.

తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి మేడం చెప్పిందంతా నాయనకు అప్పజెప్పాను. "నువ్వు చెప్పేవన్నీ అబద్ధాలే. ఇంక నీ కథలు నాకొద్దు" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. ఆ మొహం చూసి నాకు బాధేసింది, అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

తర్వాతి రాకెట్ రోజు ఇద్దరం వాకిట్లో ఎడంఎడంగా నిలబడ్డాం. వెలుగు లేచింది. నేను పంతంగా సెకన్లు లెక్కపెడుతున్నాను. ముప్పై దాటింది. నాయన ఇంక ఎప్పటికీ కథ చెప్పడేమోనని భయం పట్టుకుంది.

"నీళ్లలో బిరీన పోతాదన్నావే..." అన్నాడు ఉన్నట్టుండి. "అయితే మనకన్నా ముందు చేపలకే తెలిసిపోతాది. అవి ఇప్పుడు ఏమనుకుంటా ఉంటాయో చెప్పు మే."

నా లెక్క తప్పింది. ఆ కథ నేనే మొదలుపెట్టాను... తలుపులు దడదడలాడినా ఆపలేదు.

ఇప్పుడు నేనూ సైన్సు టీచర్నే. మొన్న క్లాసులో అదే ప్రశ్న అడిగి, ఒక్కరైనా తప్పు చెబుతారేమోనని ఆశగా బెంచీల మధ్య తిరిగాను. నలభై మందీ సరైన జవాబే చెప్పారు, ఒక్కరూ కథ చెప్పలేదు. బాగా చెప్పారని మెచ్చుకున్నాను గానీ, ఆ రోజంతా కుదురుగా కూర్చోలేకపోయాను.

చిన్నప్పుడు మీరు చెప్పిన తప్పు జవాబు ఏదైనా గుర్తుందా... ఉంటే కింద రాయండి. మా క్లాసు పిల్లలకు చదివి వినిపిస్తాను.